నెమ్మది మాస్టారి పరుగుల కారు

మా బావ తన జన్మలో ఒక్క బండిని కూడా దాటి ముందుకు వెళ్ళలేదు. ఈ మాట చెప్తే ఎవరూ నమ్మరు. ఎందుకంటే ఆయన పనే కారు నడపడం నేర్పించడం. మా ఊళ్ళో స్టీరింగ్ పట్టుకునే చేతుల్లో సగం ఆయన దిద్దిన చేతులే. అయినా సరే, ముందు లారీ పోతుంటే లారీ వెనకే, ట్రాక్టరు పోతుంటే ట్రాక్టరు వెనకే, చెత్తబండి పోతుంటే ముక్కు మూసుకుని మరీ చెత్తబండి వెనకే. ఒకసారి ఐస్‌క్రీమ్ బండి తోసుకుంటూ పోయే మనిషి మా బావ కారుని దాటుకుంటూ వెళ్ళి, అయ్యో పాపం అనుకున్నాడో ఏమో, వెనక్కి వచ్చి కిటికీలోంచి ఒక ఐస్‌క్రీమ్ చేతిలో పెట్టి వెళ్ళాడు. అది కరిగిపోయేలోపు కూడా కారు ఆ సందు దాటలేదు.

ఊళ్ళో ఆయన్ని అందరూ నెమ్మది మాస్టారు అంటారు. ఆయన నోట్లోంచి రోజూ వచ్చే మాటల్లో సగం ఆ ఒక్క మాటే. ఆయన డ్రైవింగ్ స్కూలు, నా కుట్టు దుకాణం పక్కపక్కనే. మధ్యలో ఉన్నది గోడ కాదు, ఒక పల్చటి చెక్క. ఆ చెక్క అవతల బల్ల మీద సుద్దముక్కతో రోడ్లు గీసి, దాని మీద బొమ్మ కారు జరుపుతూ ఆయన చెప్పే పాఠమంతా పొద్దస్తమానం నా చెవిలోనే. "అద్దం చూడు బాబూ. సైగ ఇవ్వు. మళ్ళీ అద్దం చూడు. నెమ్మది. బ్రేక్!" ఆ బ్రేక్ అనే అరుపుకి నా కాలు కూడా కుట్టుమిషను మీద ఆగిపోతుంది. ఒక పెద్దమనిషి ప్యాంటు అలాగే ఒక కాలు దగ్గర ఆగిపోయి, రెండో కాలు పొట్టిగా తయారైంది. ఆయన వచ్చి అరుస్తుంటే నేను బావని చూపించాను. బావ తల ఊపి, "తొందరపడితే ఇంతేనండీ" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆయన నేర్పే కారు ఒక పాత తెల్లకారు. అందులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, పక్క సీట్లో ఆయన కాలి దగ్గర ఇంకో బ్రేకు ఉంటాయి. ఆయన కూర్చునేది ఎప్పుడూ ఆ పక్క సీట్లోనే. పైకి మాటలు చెప్తూ ఉంటాడు కానీ ఆయన ప్రాణమంతా కుడికాలి బొటనవేల్లో ఉంటుంది. కారు దిగినా ఆ కాలు ఊరుకోదు. ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తుంటే, టీవీలో ఎవరైనా రోడ్డు దాటితే చాలు, ఇక్కడ కాలు నేలని తొక్కుతుంది. సోఫా ముందు తివాచీకి సరిగ్గా అక్కడే చిల్లు పడింది. పడుకుని పక్కకి తిరిగేటప్పుడు కూడా చెయ్యి బయటికి చాపి సైగ ఇస్తాడని మా అక్క ఒట్టు పెట్టి చెప్తుంది. ఆయన తెల్లకారు మీద ఇంతవరకు ఒక్క గీత పడలేదు. పడాలంటే ముందు అది కదలాలి కదా!

మా అక్క సంగతి పూర్తిగా వేరు. ఆసుపత్రులకీ హోటళ్ళకీ ఉతికిన దుప్పట్లు చేరవేసే వ్యాను నడుపుతుంది. తెల్లారేసరికి ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి దుప్పట్లు పడేసి, మాసినవి ఎత్తుకుని, బావ పళ్ళు తోముకునేలోపు ఇల్లు చేరుతుంది. ఆవిడకి డ్రైవింగ్ నేర్పింది బావ కాదు, ఆ దుప్పట్ల కంపెనీలో ముసలి డ్రైవరు. పెళ్ళైన కొత్తలో బావ దగ్గర నేర్చుకుందామని ఒక్కరోజు కూర్చుంది. మొదటి మలుపు దగ్గరే, "నాకు నేర్పుతున్నారా, నన్ను మోసుకెళ్తున్నారా?" అని కారు దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది. కారు కన్నా ముందే వచ్చింది.

ఇన్నేళ్ళలో బావ ఆ వ్యాను ఒక్కసారి ఎక్కలేదు. బస్సులో నిలబడి వెళ్తాడు, ఎండలో నడిచి వెళ్తాడు, వ్యాను మాత్రం ఎక్కడు. ఎందుకని అడిగితే, "పక్క సీట్లో బ్రేకు లేదు కదమ్మాయ్" అంటాడు. అందరం పడీ పడీ నవ్వుతాం. అక్క కూడా నవ్వుతుంది. కానీ ఒకరోజు నా దుకాణంలో బొత్తాలు ఏరుకుంటూ, "ఊళ్ళో ముక్కూ మొహం తెలియని వాళ్ళందరి పక్కనా కూర్చుంటారే. నా పక్కన కూర్చోరు" అంది. నేను ఆవిడ ఏరిన బొత్తాలు డబ్బాలో వేశాను.

ఇలాంటి మనిషి ఒక మధ్యాహ్నం నా దుకాణంలోకి దొంగలా వచ్చి, తలుపు వేసి, ఫోను నా ముందు పెట్టాడు. అందులో ఒక కారు బొమ్మ. నిమ్మపండు రంగు. నేల మీద పాకుతున్నట్టు ఇంత ఎత్తు. వెనక రెక్క లాంటిదేదో ఉంది. సీట్లు రెండే.

"ఏంటిది బావా, తొక్కేసిన చెప్పులా ఉంది?" అన్నాను.

"పందేల కారమ్మాయ్. పళ్ళ డాక్టరుది. అమ్మేస్తున్నాడు."

"అమ్ముకోనీ. మనకేం?"

ఆయన నా బల్ల మీది టేపు తీసి, చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. చెట్టంత మనిషి, చెవులు ఎర్రబడ్డాయి.

"కొందామనుకుంటున్నా."

నేను పట్టుకున్న కత్తెర కింద పడింది. పడ్డప్పుడు ఆయన కాలు నేలని తొక్కింది.

"నీకు మతి గానీ పోయిందా? దాంతో పిల్లలకి డ్రైవింగ్ నేర్పుతావా?"

"కాదు. దాటాలి."

"ఏం దాటాలి?"

"ఏదైనా. ఒక్క బండి." గొంతు తగ్గించాడు. "జీవితమంతా ఎవడో ఒకడి వెనక అద్దం చూస్తూనే గడిచిపోయింది. నా ముందున్న బండి నా వెనక ఉంటే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఉందే. నేర్పుతాను కదా, బల్ల మీద బొమ్మ కారుతో ఎన్నోసార్లు దాటించాను. నిజం రోడ్డు మీద ఒక్కసారీ దాటలేదు."

"ఆ తెల్లకారుతో దాటొచ్చుగా మహానుభావా!"

"లెక్క వేసుకుంటాను. పక్కకి వెళ్ళాలి, ముందుకు పోవాలి, ఎదురుగా ఏదీ రాకముందే లోపలికి రావాలి. దానికి అంత ఊపు లేదని లెక్క తేలుతుంది. ఆగిపోతాను. ఈ కారైతే చిటికెలో పని. ఇక లెక్కతో పనే ఉండదు."

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. ఆయన మొహంలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు. కానీ నేను ఊరుకునే రకాన్ని కాను కదా, "ముందు అక్కకి చెప్పు, ఆ తర్వాత బతికుంటే మాట్లాడుకుందాం" అన్నాను.

చెప్పడానికి ఆయన చాలా రోజులే తీసుకున్నాడు. ఈలోపు రోజూ సాయంత్రం పళ్ళ డాక్టరు ఆసుపత్రి కింద కార్లు పెట్టే చోటికి వెళ్ళి ఆ నిమ్మపండు చుట్టూ తిరగడం, తిరిగి రావడం. టైర్లు తడమడం, వంగి కిందకి చూడటం, లేచేటప్పుడు నడుం పట్టుకోవడం. పై అంతస్తులో పళ్ళు పీకించుకునేవాళ్ళ మూలుగులు, కింద ఈయన నిట్టూర్పులు. మీనమేషాలు లెక్కపెట్టడంలో ఆయనకి ఆయనే సాటి. చివరికి తెల్లకారు బాగుచేసే మెకానిక్కుని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ మెకానిక్కుని అందరూ గ్రీజు అంటారు. నేను కూడా వెళ్ళాను. నేను లేకుండా అలాంటివి జరగవు.

గ్రీజు ఇంజను మూత ఎత్తి చూశాడు, కింద దూరి చూశాడు, టైరు మీద చెయ్యి రాసి, "ఇదేంటి మాస్టారూ!" అన్నాడు. కొత్త టైర్ల మీద సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి. నాలుగు రోజులు తిరిగితే రాలిపోతాయి. ఆ కారు టైర్లకి అవి ఇంకా అలాగే నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"రోగమేం లేదండీ దీనికి. పరిగెత్తాల్సిన దాన్ని కూర్చోబెట్టి మేపారు. అదే రోగం. ఇంజనులో మసి కట్టేసింది. ఒక్కసారి గట్టిగా తొక్కితే దగ్గి, ఊసేసి, లేచి కూర్చుంటుంది."

"గట్టిగా అంటే ఎంత?" అన్నాడు బావ.

"చివరిదాకా."

బావ పక్కనే ఉన్న మెట్టు మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం బయటపడింది. అక్క ఒంటికాలి మీద లేస్తుందని నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. వాళ్ళిద్దరూ కలిసి దాచుకున్న డబ్బది. అక్క ఒప్పుకోకపోతే కారు లేదు. ఎంత అని మీరు అడక్కండి, నేను అడిగితే నన్నూ కసిరారు. అక్క గిన్నె మీద మూత పెట్టి, నింపాదిగా, "దేనికండీ?" అంది.

"దాటడానికి" అన్నాడు బావ, కంచంలోకి చూస్తూ.

"ఆ కారులోనూ మీరు ముప్ఫైలోనే పోతారు. ఇంటి ముందు నిమ్మపండు రంగు అరుగు కట్టించుకున్నట్టు ఉంటుంది. దానికంత ఖర్చు దేనికి?"

"ఆ కారైతే పోతాను."

"పోరు."

"పోతానోయ్!"

బావ గొంతు పెంచడం అదే మొదటిసారి. ఆయనే ఉలిక్కిపడ్డాడు. టేబుల్ కింద కాలు తొక్కిన చప్పుడు వినిపించింది. అక్క మూత పెట్టిన గిన్నె పక్కకి జరిపింది.

"సరే. ఆదివారం ఆ కారు తీసుకుని గోడౌన్ల రోడ్డు మీదకి రండి. నా కళ్ళముందు ఒక్క బండిని దాటండి. దాటారా, కొందాం, నేనే సంతకం పెడతా. దాటలేదా, ఈ ఇంట్లో ఆ కారు ఊసు మళ్ళీ ఎత్తకూడదు."

"అలాగే" అన్నాడు బావ. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని, తెల్లవార్లూ చెయ్యి చాపి సైగలిస్తూనే ఉన్నాడని అక్క తర్వాత చెప్పింది.

గోడౌన్ల రోడ్డు మా ఊరి చివర ఉంటుంది. గీత గీసినట్టు తిన్నగా, వెడల్పుగా ఉంటుంది. అటూ ఇటూ రేకుల గోడౌన్లు. ఆదివారం అయితే ఇటుకల లారీలు తప్ప ఏమీ తిరగవు. పళ్ళ డాక్టరే కారు తెస్తానన్నాడు. బావ ఆయన పక్కన ఎక్కాడు. వాళ్ళ వెనక వ్యానులో అక్కా, నేనూ.

కొంత దూరం పోయేసరికి అక్క స్టీరింగ్ మీద దరువు వేయడం మొదలుపెట్టింది. ముందు ఆ పందేల కారు, అడుగు తీసి అడుగు వేస్తున్నట్టు పోతోంది. ఖాళీ రోడ్డు మీద మలుపు లేకపోయినా సైగ దీపం వెలుగుతోంది. అక్క హారను కొట్టింది. దాంతో వాళ్ళు ఇంకా నెమ్మదించారు.

"ఏమే, బండి చెడిపోయిందా?" అంది అక్క.

"బండి కాదు, మనుషులు" అన్నాను.

అక్కకి తల ప్రాణం తోకకొచ్చింది. గేరు మార్చి ఒక్క ఊపు ఊపింది. వెనక దుప్పట్ల మూటలు దొర్లాయి. మా దుప్పట్ల వ్యాను ఆ పందేల కారుని దాటేసింది. దాటేటప్పుడు నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. బావ మా వంక చూడలేదు, కళ్ళు రోడ్డుకి అతుక్కుపోయి ఉన్నాయి.

వాళ్ళు గోడౌన్ల రోడ్డుకి చేరేసరికి మేము తెచ్చుకున్న టీ తాగడం, ఫ్లాస్కు కడగడం కూడా అయిపోయింది. ఇద్దరూ కారు దిగారు. బావ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టైర్లు చూసి, అద్దాలు తుడిచి, దీర్ఘంగా ఊపిరి పీల్చుకున్నాడు. "సరే, బయల్దేరదాం" అన్నాడు. ఇద్దరూ ఎక్కి తలుపులు వేసుకున్నారు. కారు కదిలింది. రోడ్డు ఆ చివరిదాకా పోయి, తిరిగి వచ్చింది. అందులో చాలా సమయం పోయింది, కానీ వచ్చింది.

బావ దిగి, చేతులు దులుపుకుని, "పరవాలేదు. బాగానే నడిపాడు. మలుపులో సైగ ఒక్కటే కొంచెం ఆలస్యమైంది" అన్నాడు.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమండీ, కారు కొనేది మీరా, ఆయనా?"

అప్పుడు గానీ వాళ్ళకి తెలియలేదు! బావ అలవాటు కొద్దీ వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. డాక్టరు ఒకప్పుడు బావ దగ్గరే నేర్చుకున్న మనిషి, ఆయన అలవాటు కొద్దీ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఒకరు పాఠం చెప్పారు, ఒకరు విన్నారు, ఇద్దరూ సంతృప్తిగా తిరిగొచ్చారు. నేను వ్యాను చక్రాన్ని పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాను.

డాక్టరు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మాస్టారూ, మీతో ఒక మాట చెప్పాలి. నేనీ కారు ఎందుకు అమ్మేస్తున్నానో తెలుసా?"

"రోగమేం లేదన్నాడే మా గ్రీజు?"

"కారుకి లేదు. నాకుంది. కొన్నప్పటి నుంచీ నలభై దాటలేదు మాస్టారూ. కాలు పెడతాను. మీ గొంతు వినిపిస్తుంది. నెమ్మది బాబూ, అంటారు. కాలు దానంతట అదే లేచిపోతుంది. పాటలు గట్టిగా పెట్టుకున్నాను. పాట మధ్యలో కూడా మీరే. మొన్న ఒకావిడకి పన్ను పీకుతుంటే అద్దం చూడు, మళ్ళీ అద్దం చూడు అని వినిపించింది. అద్దం చూస్తూనే ఉన్నాను. ఆవిడ నోరు తెరుచుకుని అలా ఉండిపోయింది."

బావ మొహంలో ముందు గర్వం కనిపించింది. మంచి పాఠం కదా, ఇన్నేళ్ళైనా నిలబడింది. ఆ తర్వాత ఆ మొహమే మెల్లగా వాడిపోయింది.

"అంటే, నా వల్లేనా?"

"మీ వల్ల నాకు ఒక్క ప్రమాదం జరగలేదు మాస్టారూ" అన్నాడు డాక్టరు, మర్యాదగా. "ఇంకేమీ జరగలేదు కూడా."

బావ వెళ్ళి ఈసారి డ్రైవరు సీట్లోనే కూర్చున్నాడు. సీటు సర్దుకున్నాడు, బెల్టు లాగి చూసుకున్నాడు, అద్దాలు మూడూ సవరించాడు. డాక్టరు పక్కన ఎక్కాడు. అదే సమయానికి ఒక ఇటుకల లారీ, నిండా బరువుతో మూలుగుతూ మా ముందు నుంచి పోయింది. దాటడానికి అంతకన్నా వీలైన బండి ఈ భూమ్మీద దొరకదు. "అదిగో బావా! అదే! తొక్కు!" అని గంతులేశాను. నిమ్మపండు దాని వెనకే బయల్దేరింది.

మేము చూస్తూనే ఉన్నాం. లారీ, దాని వెనక కారు. లారీ, దాని వెనక కారు. కారు సైగ వెలిగింది. ఇప్పుడు దాటుతాడు, ఇదిగో ఇప్పుడు, అనుకుంటూ అక్క చెయ్యి నలిపేస్తున్నాను. లారీ పక్కకి తిరిగి ఒక గోడౌను గేటులోకి పోయింది. కారు కూడా దాని వెనకే గోడౌనులోకి పోయింది.

చాలాసేపటికి బయటికి వచ్చారు. గేటు దగ్గర కాపలావాడు సరుకు చీటీ అడిగాడట. పళ్ళ డాక్టర్నని చెప్పినా వినకుండా, కారులో ఎన్ని ఇటుకలున్నాయో చెప్పమన్నాడట. లారీ డ్రైవరు దిగొచ్చి, "నా వెనకెందుకు పడ్డారు సార్, నేనేం తప్పు చేశా?" అని చేతులు జోడించాడట.

బావ కారు దిగాడు. కాళ్ళు ఈడ్చుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"అద్దం చూశాను. సైగ ఇచ్చాను. మళ్ళీ అద్దం చూశాను. అప్పటికి గోడౌను వచ్చేసింది" అన్నాడు.

"నేను పక్కన కూర్చుని నెమ్మది మాస్టారూ, నెమ్మది మాస్టారూ అన్నాను" అన్నాడు డాక్టరు, తలవంచుకుని. "నోటికి అదే వచ్చేసింది. ఏమీ అనుకోకండి."

నాకు అరుద్దామనిపించింది. ఇద్దరికీ చెరొకటి వేద్దామనిపించింది. కానీ బావ జేబులోంచి తాళాలు తీసి డాక్టరు వైపు చాపిన తీరు చూశాక నా కోపమంతా చల్లారిపోయింది. "వద్దులెండి డాక్టరు గారూ. మీకు శ్రమ ఇచ్చాను." తర్వాత అక్క వైపు తిరిగి, "నువ్వన్నదే నిజమోయ్. నాకు చేతకాదు. ఊళ్ళో అందరికీ ఆపడమే నేర్పాను, నేనూ అదే నేర్చుకున్నాను" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. ఎందుకు దాచాలి?

డాక్టరు చెయ్యి చాపేలోపు అక్క ఆ తాళాలు లాక్కుంది.

"ఎక్కండి" అంది.

"ఎక్కడికి?"

"పక్క సీట్లోకి."

బావ తలుపు తెరిచి, వంగి, కాళ్ళు పెట్టుకునే చోటు చూశాడు. శుభ్రమైన నల్లటి చాప తప్ప అక్కడేమీ లేదు.

"ఇందులో..."

"లేదు. బ్రేకు లేదు. నేనున్నాను" అంది అక్క. "నిన్నగాక మొన్న పుట్టిన పిల్లల పక్కన కూడా కూర్చున్నారు. వాళ్ళు మిమ్మల్ని గోడకి గుద్దినా గుద్దేవాళ్ళు. నేను ఇన్నేళ్ళుగా రోజూ తెల్లారకుండా వ్యాను తోలుతున్నా, ఒక్కసారైనా నా పక్కన కూర్చున్నారా? ఇవాళ కూర్చుంటారా, లేదా? కారు సంగతి నాకనవసరం. ఇది చెప్పండి."

గాలికి రేకులు చప్పుడు చేశాయి. బావ ఆ నల్లచాపని ఇంకోసారి చూశాడు. అక్క మొహం చూశాడు. ఎక్కాడు.

అక్క అద్దం కూడా సవరించుకోలేదు. ఇంజను ఒక్కసారి గర్జించింది. వెనక గొట్టంలోంచి బుస్సుమని నల్లటి మసి లేచి డాక్టరు తెల్ల చొక్కా మీద పడింది. కారు దగ్గింది, ఊసింది, తర్వాత దాని గొంతు మారిపోయింది. ఆ చప్పుడు నా పొట్టలో వినిపించింది. మరుక్షణం అది మా ముందు లేదు. రోడ్డు ఆ చివర నిమ్మగింజంత కనిపించింది. అక్కడ తిరిగి మళ్ళీ ఇటు వస్తోంది. సరిగ్గా అప్పుడే ఆ ఇటుకల లారీ ఖాళీ అయి గోడౌనులోంచి బయటికొచ్చి, ఇప్పుడు బరువు లేదు కాబట్టి మంచి ఊపు మీద మా వైపే వస్తోంది. వెనక నిమ్మపండు. పక్కకి వచ్చింది. లారీ పక్కన ఒక పసుపు గీత గీసినట్టు కనిపించింది, అంతే. లారీ వెనకైపోయింది!

డాక్టరూ నేనూ ఒకరినొకరు పట్టుకుని గంతులేశాం. ఆయన మసి అంతా నా చీరకి అంటింది. "దాటాడు! మా బావ దాటాడు!" అని రోడ్డు మధ్యలో నిలబడి అరిచాను. లారీ డ్రైవరు కూడా ఏమనుకున్నాడో, హారను కొట్టుకుంటూ చెయ్యి ఊపుతూ పోయాడు.

కారు వచ్చి మా ముందు ఆగింది. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. బావ జుట్టంతా చెదిరిపోయి ఉంది. రెండు కాళ్ళూ ముందుకి బారచాపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"బావా! ఎలా ఉంది? లారీ వెనక్కి పోతుంటే ఎలా కనిపించింది? చెప్పు!"

"తెలీదమ్మాయ్. నేను చూళ్ళేదు."

"చూళ్ళేదా!"

"కళ్ళు మూసుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితంలో ఒక్క కోరిక, ఇంత గొడవ, తీరా అది జరిగే నిమిషానికి కళ్ళు మూసుకుంటాడా ఈ మనిషి! "అంత భయమేసిందా?" అన్నాను.

"భయం కాదే." ఆయన సీటుకి తల ఆనించాడు. "ముందు కాలు వెతుక్కుంది. అక్కడేం లేదు. ఇంకేం చెయ్యాలో తెలీలేదు. పక్కకి చూస్తే మీ అక్క ఉంది, తను చూసుకుంటోంది. ఇక నేను చూడక్కర్లేదు కదా అనిపించింది. కళ్ళు మూసుకున్నాను. పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకోవచ్చని నాకు ఇన్నేళ్ళూ తెలీదమ్మాయ్. ఎంత హాయిగా ఉందో! కాసేపైతే నిద్రపోయేవాణ్ణి."

అక్క మా వైపు తిరగలేదు. స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తోంది. చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, కసురుతున్నట్టు, "ఇంకోసారి వెళ్దామా?" అంది.

"వెళ్దాం."

"ఈసారైనా కళ్ళు తెరుస్తారా?"

"ఎందుకోయ్, నువ్వు చూస్తున్నావుగా."

అక్క ఇక ఆపుకోలేకపోయింది. నవ్విందో ఏడ్చిందో, రెండూ కలిసి ఒకే చప్పుడు వచ్చింది. డాక్టరు మసి మొహంతో కిటికీలోకి వంగి, "మరి, కారు..." అన్నాడు. అక్క చేతిసంచిలోంచి తన వ్యాను తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. "రేపు పొద్దున వచ్చి సంతకాలు పెడతాం. మా చెల్లెల్ని ఇంటి దగ్గర దింపండి. దుప్పట్లు జాగ్రత్త, ఉతికినవి" అని చెప్పి, కారు తిప్పుకుని వెళ్ళిపోయింది. ఈసారి బావ వెళ్ళేటప్పుడే కళ్ళు మూసుకుని ఉన్నాడు.

డాక్టరు వ్యాను ఎక్కి, సీటు సర్దుకుని, అద్దం చూసి, సైగ ఇచ్చి, మళ్ళీ అద్దం చూశాడు. నేను వెనక్కి వెళ్ళి దుప్పట్ల మీద పడుకున్నాను. ఇల్లు చేరేసరికి చీకటి పడింది.